ఫోటో ఎడిటింగ్‌కి చిన్న సిస్టమ్ కొనేటోళ్లు ముందు స్క్రీన్ తేల్చుకోర్రి, డబ్బా సంగతి తర్వాత

మన నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండల గానీ, అటు పాలమూరు, జడ్చర్ల, వనపర్తి దిక్కు గానీ స్టూడియో నడిపేటోళ్లు, ఇంట్ల కూసొని ఆల్బమ్ డిజైనింగ్ చేసేటోళ్లు చానామంది పాత సీపీయూ పక్కకు పెట్టి చిన్న సిస్టమ్, అంటే చిన్న డబ్బా లెక్క ఉండే మినీ పీసీ తీస్కుందామని చూస్తున్నరు. 2025 అక్టోబర్ 14తోని విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ బందైంది, పాత సిస్టమ్‌లు చాలావరకు విండోస్ 11 తీసుకోవు, అదొక కారణం. టేబుల్ మీద జాగా మిగులుతది, కరెంటు తక్కువ గుంజుతది, సప్పుడు తక్కువ, అది ఇంకో కారణం. ఆలోచన మంచిదే. గని షాపుకు పోంగనే అందరూ అడిగేది "ఐ5 తీస్కోవాల్నా ఐ7 తీస్కోవాల్నా, మ్యాక్ మినీ మంచిదా" అని. అక్కడ్నే లెక్క తప్పుతది. చిన్న డబ్బాల గ్రాఫిక్ కార్డు మార్చలేం, పోర్టులు పెంచలేం, కొన్నిట్ల ర్యామ్ కూడా ఏసుకోలేం, కొన్ననాడు ఎట్లుందో అట్లనే ఉంటది. కాబట్టి ఏ స్క్రీన్‌కి తగిలిస్తరు, ఎన్ని స్క్రీన్లు, మీ ఫైలు ఎంత బరువు అనేది ముందు తేల్చుకోవాలె, ఆ లెక్క పట్టుకొని ఎనకకు వచ్చి డబ్బా ఎన్నుకోవాలె. ఆ వరసలనే చెప్తా.

1. ముందు మీ ఫైలు ఎంత పెద్దదో లెక్క కట్టుర్రి

మన దగ్గర పెండ్లి ఆల్బమ్ అంటే ఎక్కువ 12×36 ఇంచుల షీటే. 300 డీపీఐల, అంటే ఇంచుకు 300 పిక్సెల్స్ లెక్కన పెడితే ఎత్తు 3600 పిక్సెల్స్, పొడుగు 10800 పిక్సెల్స్, అంటే ఒక్క షీటుకు 3 కోట్ల 88 లక్షల 80 వేల పిక్సెల్స్. ఒక్కో పిక్సెల్‌కి ఎరుపు, పచ్చ, నీలం మూడు బైట్లు, కాబట్టి ఒక్క లేయర్ నిండుగ ఉంటే 116 ఎంబీ దాటుతది, 16 బిట్‌ల చేస్తే దానికి రెట్టింపు. ఇగ మీరు వాడే పీఎస్‌డీ (ఫోటోషాప్ ఫైలు) డిజైన్‌ల బ్యాక్‌గ్రౌండ్ ఒకటి, పువ్వులు, ఫ్రేములు, మాస్కులు, నాలుగైదు ఫోటోలు, పేర్లు, అన్నీ కలిపి పది పదిహేను లేయర్లు ఉండనే ఉంటయి, మీద హిస్టరీ అని ఫోటోషాప్ ఎనకటి స్టెప్పులు దాచి పెట్టుకుంటది. రెండు షీట్లు తెరిచి పెట్టి పక్కన లైట్‌రూమ్, బ్రౌజర్‌ల వాట్సాప్ నడుస్తుంటే 8 జీబీ ర్యామ్ ఏ మూలకు సరిపోతది? ఆ ర్యామ్ నిండినంక సిస్టమ్ ఎస్‌ఎస్‌డీ (ఫైళ్లు దాచే డిస్క్) మీద రాసుకుంటది, అప్పుడే మౌస్ అతుక్కపోయినట్టు అయితది. చానామంది దాన్ని ప్రాసెసర్ స్లో అనుకుంటరు, ఎక్కువసార్లు అది ర్యామ్ సంగతే.

క్యాండిడ్ తీసి రా ఫైళ్లు (కెమెరా జేపెగ్ చెయ్యకుండ ఇచ్చే అసలు ఫైళ్లు) ఎడిట్ చేసేటోళ్లు ఇంకో లెక్క చూస్కోవాలె. 24 మెగాపిక్సెల్ కెమెరా రా ఫైలు ఒక్కోటి సుమారు 25 నుంచి 30 ఎంబీ, 3000 ఫోటోలు తీస్తే 90 జీబీ దాకా, అది ఒక్క పెండ్లికి. మాఘమాసంల, వైశాఖంల వరసగా ముహూర్తాలుంటే నెలకే ఒక టీబీ నిండుతది.

ఒక కాయితం మీద ఈ మూడు రాస్కోర్రి: షీటు సైజు, రా ఫైళ్లా జేపెగ్‌లా, వీడియో కూడా కట్ చేస్తరా లేదా. షాపాయన ఏది చూపెట్టినా ఈ కాయితం ముందట పెట్టుకొని మాట్లాడుర్రి.

2. స్క్రీన్

నేను ఎక్కువ చెప్పేది ఇక్కడ్నే, ఎందుకంటే రోజంతా కండ్లు పెట్టేది దీని మీదనే, డబ్బు ఎక్కువ పెట్టాల్సింది కూడా దీని మీదనే.

ఫుల్ హెచ్‌డీ మానిటర్ అడ్డం 1920 పిక్సెల్స్. 10800 పిక్సెల్స్ షీటు దాంట్ల మొత్తం కనిపియ్యాలంటే 18 శాతానికి కుదియ్యాలె, పక్కన ప్యానెళ్లు తీస్తే ఇంకా తక్కువ. పెండ్లిపిల్ల కండ్లు తెరిచిందా మూసిందా అని కూడా తెల్వదు, ఊకె జూమ్ చేసి చూడాలె. 4కే మానిటర్ 3840×2160, అదే షీటు 35 శాతంల కనిపిస్తది, అంటే దాదాపు రెట్టింపు. ఇంకో సంగతి, 12×36 అంటే ఒకటికి మూడు కొలత, కాబట్టి 4కేల అడ్డం నిండుగ పెట్టినా ఎత్తుల 1280 పిక్సెల్సే పడుతది, కింద ఇంకా 880 పిక్సెల్స్ జాగా ఖాళీ, లేయర్ల ప్యానెల్, ఫోటోల బ్రిడ్జ్ విండో అక్కడ పెట్టుకోవచ్చు. 34 ఇంచుల అల్ట్రావైడ్ 3440×1440 చూస్తే బాగ పొడుగు కనిపిస్తది గని షీటు 32 శాతమే వస్తది, 4కే కంటే ఎక్కువ కాదు. పొడుగు చూసి మోసపోవద్దు, పిక్సెల్స్ లెక్క చూడుర్రి.

సైజు ఎంత? ఎడిటింగ్‌కి 27 ఇంచుల 4కే అయితే ఇంచుకు 163 పిక్సెల్స్, 32 ఇంచుల 4కే అయితే 138. రెండూ బాగనే ఉంటయి. కండ్లద్దాలు ఉన్నోళ్లకు 32 హాయిగుంటది, టేబుల్ లోతు కనీసం రెండున్నర అడుగులు ఉంటేనే తీస్కోర్రి, లేకుంటే మెడ అటుఇటు తిప్పుడే అయితది. ప్యానెల్ ఐపీఎస్ అని రాసి ఉండాలె. పక్క నుంచి చూసినా రంగు మారొద్దు, కస్టమర్లు మన పక్కన కుర్చీ ఏసుకొనే కదా చూసేది.

రంగు గురించి. మన ప్రింటింగ్ ల్యాబ్‌లు చాలావరకు ఎస్‌ఆర్‌జీబీ (మామూలుగ అందరూ వాడే రంగుల కొలత) జేపెగ్‌లే అడుగుతరు, మీ ల్యాబోళ్లను ఒకసారి కనుక్కోర్రి. కాబట్టి 100 శాతం ఎస్‌ఆర్‌జీబీ ఉన్న మానిటర్ ఆల్బమ్ పనికి చాలు. డీసీఐ-పీ3 అని ఎక్కువ రంగులు చూపే మానిటర్ మంచిదే గని దాన్ని సెట్ చెయ్యకుండ వాడితే తిప్పలొస్తది. మంగళస్నానం ఫోటోల పసుపు, గద్వాల చీర జరీ అంచు, కుంకుమ, ఇవన్నీ స్క్రీన్ మీద మండినట్టు కనిపిస్తయి, అప్పుడు మీరు సాచురేషన్ (రంగు గాఢత) తగ్గిస్తరు, ల్యాబ్ నుంచి షీటు వచ్చినంక సూస్తే చీర ఎలిసిపోయినట్టు ఉంటది. అట్లాంటి మానిటర్ మెనూల ఎస్‌ఆర్‌జీబీ మోడ్ ఉంటది, దాంట్ల పెట్టుర్రి. బ్రైట్‌నెస్ కూడా అంతే, కంపెనీ నుంచి వచ్చిన వెలుగు మీదనే ఎడిట్ చేస్తే ప్రింట్ చీకటిగ వస్తది. 100 నుంచి 120 నిట్స్ (స్క్రీన్ వెలుగు కొలత) దాకా తగ్గించాలె, వైట్ పాయింట్ 6500 కెల్విన్, గామా 2.2. కంటితోని కొలుచుడు కాదు, స్పైడర్, క్యాలిబ్రైట్ లాంటి క్యాలిబ్రేటర్ (స్క్రీన్ రంగు కొలిచి సరిచేసే పరికరం) ఒకటి నలుగురు స్టూడియోలోళ్లు కలిసి కొనుక్కొని నెలకొకసారి తిప్పుకుంటే ఖర్చు కూడా పంచుకున్నట్టయితది.

మూలకున్న చిన్న చిన్నయి కూడా చూడాలె. పోచంపల్లి ఇక్కత్ చీర అంచు ఎప్పుడూ కొద్దిగ పాకినట్టే ఉంటది, అది ఆ నేతల ఉన్న అందం. మానిటర్ షార్ప్‌నెస్ ఎక్కువుంటే ఆ అంచు చుట్టు తెల్లగీత లెక్క కనిపిస్తది, ఫోటోల ఏదో తప్పున్నదనుకొని మీరు బ్లర్ చేస్తరు. మానిటర్ షార్ప్‌నెస్ కంపెనీ సెట్టింగ్‌లనే ఉంచుర్రి, డైనమిక్ కాంట్రాస్ట్ బంద్ పెట్టుర్రి.

3. కస్టమర్‌కు చూపెట్టే పెద్ద స్క్రీన్

43 ఇంచుల టీవీ అడ్డం కొలత సుమారు ముప్పై ఏడున్నర ఇంచులు. అంటే 36 ఇంచుల ఆల్బమ్ షీటు దాని మీద దాదాపు అసలు సైజుల కనిపిస్తది. పెండ్లిపిల్లగాని అమ్మనాయినలను కూసోపెట్టి "ఇదే సైజు వస్తది" అని చూపెట్టొచ్చు, ఫోటోల సెలక్షన్ కూడా అరగంటల అయిపోతది, లేకుంటే చిన్న స్క్రీన్ చుట్టు పదిమంది మూగి "మా మేనత్త ఫోటో ఏది" అని ఎతుక్కుంటరు. 2025 సెప్టెంబర్ 22 నుంచి 32 ఇంచుల కంటే పెద్ద టీవీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, అది కూడా కలిసొచ్చే సంగతే.

గని ఆ టీవీ మీదనే ఎడిటింగ్ చెయ్యొద్దు. 43 ఇంచుల 4కేల ఇంచుకు 102 పిక్సెల్సే, దగ్గర కూసుంటే మూలలు సరిగ కనిపియ్యవు, పైగా టీవీ కంపెనీలు షోరూమ్‌ల మెరవాలని రంగులు పెంచి పంపుతయి. ఎడిటింగ్‌కి 27 ఇంచులు, చూపెట్టనీకి 43 ఇంచులు, ఈ జత మన పనికి చాలా బాగ కుదురుతది.

టీవీకి తగిలించినంక చెయ్యాల్సినయి: పిక్చర్ మోడ్ వివిడ్ తీసేసి ఫిల్మ్‌మేకర్ గానీ సినిమా గానీ పెట్టుర్రి, హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్ పేరు "పీసీ" అని మార్చుర్రి, చానా టీవీలల్ల ఈ పేరు మారిస్తేనే రంగు వివరం పూర్తిగ చూపిస్తది. మార్చకుంటే నల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద ఎర్ర అక్షరాలు రాసి చూడుర్రి, అంచులు అలుక్కపోయినట్టు ఉంటయి. ఇన్విటేషన్ కార్డుల మీద ఎర్ర అక్షరాలు మనోళ్లు ఎక్కువ వాడుతరు కాబట్టి ఇది కండ్లకు కొట్టొచ్చినట్టు కనిపిస్తది. ఓలెడ్ టీవీ అయితే ఒకే బొమ్మ గంటలకొద్ది నిలబెట్టొద్దు, మచ్చ పడే ప్రమాదం ఉంటది.

4. పోర్టులు, కేబుళ్లు

షాపుల బోర్డు మీద "4కే సపోర్ట్" అని రాసి ఉంటది, అది చూసి ఆగిపోవద్దు. ఎన్ని హెర్ట్జ్‌ల 4కే, అంటే సెకనుకు ఎన్నిసార్లు బొమ్మ మారుతది అనేది అడుగుర్రి. హెచ్‌డీఎంఐ 1.4 అయితే 4కే 30 హెర్ట్జే వస్తది, మౌస్ కదిలిస్తే గుంజినట్టు ఉంటది, బ్రష్ ఏసుడు చానా కష్టం. హెచ్‌డీఎంఐ 2.0 గానీ, డిస్‌ప్లేపోర్ట్ 1.2 గానీ అంతకంటే కొత్తది గానీ ఉంటే 4కే 60 హెర్ట్జ్ వస్తది. సెకండ్ హ్యాండ్‌ల దొరికే ఆఫీసు మినీ సిస్టమ్‌లు, అంటే డెల్ ఆప్టిప్లెక్స్ మైక్రో, లెనోవో థింక్‌సెంటర్ టైనీ, హెచ్‌పీ మినీలల్ల పాతయి చానావరకు హెచ్‌డీఎంఐ 1.4తోనే వచ్చినయి, వాటికి మానిటర్‌ని డిస్‌ప్లేపోర్ట్ నుంచి తగిలించాలె.

యూఎస్‌బీ-సీ పోర్టు చూసి సంబరపడొద్దు, అన్ని యూఎస్‌బీ-సీలు బొమ్మ పంపవు. పోర్టు పక్కన డీపీ (డిస్‌ప్లేపోర్ట్) గుర్తు గానీ మెరుపు (థండర్‌బోల్ట్) గుర్తు గానీ ఉన్నదా చూడుర్రి, గుర్తు లేకుంటే కంపెనీ వెబ్‌సైట్ల ఆ మోడల్ నంబర్ కొట్టి చదువుర్రి. కేబుల్ కూడా అంతే, ఫోన్ చార్జింగ్ కేబుల్‌తోని మానిటర్ రాదు. చవక యూఎస్‌బీ హబ్‌లు కూడా చానావరకు 4కే 30 హెర్ట్జ్ దగ్గరనే ఆగుతయి, డబ్బా మీద చిన్న అక్షరాలల్ల అది రాసే ఉంటది. మామూలు యూఎస్‌బీ నుంచి స్క్రీన్ నడిపే డిస్‌ప్లేలింక్ అడాప్టర్లు బొమ్మను కుదించి పంపుతయి, లెక్కలు రాసేటోళ్లకు పర్వాలేదు గని ఫోటో పనికి వద్దు.

టీవీ బయట హాల్‌ల ఉండి సిస్టమ్ లోపలి రూంల ఉంటే కేబుల్ పొడుగు ఎక్కువయితది. మూడు మీటర్లు దాటితే మామూలు కేబుల్ మీద 4కే 60 పోయి పోయి వస్తది, స్క్రీన్ నల్లగై మల్ల వస్తుంటే ముందు అనుమానించాల్సింది కేబుల్‌నే. పది మీటర్లు కావాలంటే ఆప్టికల్ హెచ్‌డీఎంఐ తీస్కోర్రి.

5. ఇప్పుడు డబ్బా

ర్యామ్ 16 జీబీ కంటే తక్కువ తీస్కోవద్దు, 12×36 షీట్లు రోజూ చేసేటోళ్లు 32 జీబీ పెట్టుకోర్రి. ఇంకోటి చానామందికి తెల్వంది, చిన్న సిస్టమ్‌ల గ్రాఫిక్స్‌కి సొంత మెమరీ ఉండదు, ర్యామ్‌ల నుంచే తీస్కుంటది. కాబట్టి విండోస్ మినీల ఒక్క 16 జీబీ స్టిక్ కంటే రెండు 8 జీబీ స్టిక్కులు మేలు, ఒకటే స్టిక్ అయితే గ్రాఫిక్స్‌కి దారి సగమే దొరుకుతది. షాపులనే టాస్క్ మేనేజర్ తెరిచి పెర్ఫార్మెన్స్‌ల మెమరీ మీద నొక్కితే ఎన్ని స్లాట్లు వాడిందో రాసి ఉంటది. ర్యామ్ రేట్లు 2025 చివర్నుంచి బాగ పెరిగినయి, "తర్వాత ఏపిద్దాం లే" అని వాయిదా ఏసుకునే ముందు ఆ రేటు కూడా అడిగి చూస్కోర్రి. కొన్ని మినీలల్ల ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటది, వాటిల్ల తర్వాత అనే మాటే లేదు.

విండోస్ దిక్కు పోయేటోళ్లకు: కొన్ని ఏఎండీ రైజెన్ 7లల్ల రేడియన్ 780ఎం గ్రాఫిక్స్ ఉన్నయి, కొన్ని ఇంటెల్ కోర్ అల్ట్రాలల్ల ఆర్క్ గ్రాఫిక్స్ ఉన్నయి, ఇవి ఫోటో పనికి, రెండు మూడు 4కే స్క్రీన్లకు బాగనే సరిపోతయి. ఎన్100 అని చవక ప్రాసెసర్ ఏసిన మినీలు ఆన్‌లైన్‌ల మస్తుగ కనిపిస్తయి, 4కే 60 కూడా చూపిస్తయి, గని దాంట్ల నాలుగే కోర్లు, ర్యామ్ ఒకటే చానెల్, అది టీవీల ఫోటోలు తిప్పి చూపెట్టనీకి మంచిది, ఎడిటింగ్‌కి కాదు. ఇంటెల్ ఎన్‌యూసీ అని పాతపేరు అడిగేటోళ్లకు, 2023ల ఇంటెల్ ఆ లైన్ వదిలేసింది, ఇప్పుడు అదే పేరుతోని ఏసుస్ చేస్తున్నది. కొన్ని ఎన్‌యూసీలు ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, విండోస్ ఏవీ లేకుండ బేర్‌బోన్‌గ అమ్ముతరు, రేటు తక్కువుందని సంతోషపడేముందు అవి కలిపి లెక్క చూడుర్రి.

సెకండ్ హ్యాండ్, రీఫర్బిష్డ్ తీస్కునేటోళ్లు ఇంటెల్ ఎనిమిదో జనరేషన్ కంటే పాతది ముట్టుకోవద్దు, విండోస్ 11 అధికారికంగ అక్కడి నుంచే మొదలయితది. ఐ5-8500టీ లాంటి నంబర్ చివర "టీ" ఉంటే 35 వాట్ల చల్లటి రకం అన్నట్టు. జేపెగ్‌లు సరిచేసి పాస్‌పోర్ట్ ఫోటోలు, 4×6 ప్రింట్లు తీసే స్టూడియోకు ఇది ధారాళంగ సరిపోతది. లైట్‌రూమ్‌ల ఏఐ డీనాయిస్ (చీకటి ఫోటోల గరుకు తీసేసేది) వాడాలంటే మాత్రం వద్దు, ఆ పని గ్రాఫిక్స్ మీదనే నడుస్తది, ఒక్కో ఫోటోకు నిమిషాలకు నిమిషాలు కూసోవాలె. రాత్రి బరాత్ ఫోటోలు వందల లెక్కన డీనాయిస్ చేసేటోళ్లకు అయితే మ్యాక్ మినీ గానీ, కొద్దిగ పెద్ద డబ్బాల విడి ఎన్‌విడియా కార్డు ఏసిన సిస్టమ్ గానీ చూడాలె.

మ్యాక్ మినీ సంగతి సూటిగ చెప్తా. 2024 నవంబర్‌ల వచ్చిన ఎం4 మోడల్ అయిదు ఇంచుల చదరం, రెండు ఇంచుల ఎత్తు, మొదటి మోడల్‌ల్నే 16 జీబీ ర్యామ్ ఇచ్చిండ్రు, వచ్చినప్పటి రేటు 59,900. మూడు స్క్రీన్లు నడుపుతది, ఎనక మూడు థండర్‌బోల్ట్ 4 పోర్టులు, ఒక హెచ్‌డీఎంఐ, ముందట రెండు యూఎస్‌బీ-సీలు. ఆ రేటుకు ఫోటో పనికి అంత వేగం, అంత నిశ్శబ్దం ఇచ్చే డబ్బా విండోస్ దిక్కు దొరకుడు కష్టం, నా మాట అయితే అదే. గని దాంట్ల లేనియి కూడా చూస్కోర్రి. పాత పెద్ద యూఎస్‌బీ పోర్టు ఒక్కటి కూడా లేదు, కార్డు స్లాట్ లేదు, ర్యామ్ తర్వాత పెంచలేం. 256 జీబీ నుంచి 512 జీబీకి పోతే 20 వేలు ఎక్కువ పెట్టిండ్రు, ఆ డబ్బుకు బయట పెట్టుకునే ఎన్‌వీఎంఈ (వేగం ఎక్కువుండే రకం) ఎస్‌ఎస్‌డీ, దానికి కేస్ తీస్కుంటే జాగా చానా ఎక్కువొస్తది. పాత ఎం1, ఎం2 మ్యాక్ మినీలు సెకండ్ హ్యాండ్‌ల తీస్కుంటే 8 జీబీదా 16 జీబీదా అని "అబౌట్ దిస్ మ్యాక్" తెరిచి మీ కండ్లతోని చూడుర్రి, 8 జీబీది ఎంత చవక ఇచ్చినా ఆల్బమ్ పనికి వద్దు.

27 ఇంచుల 4కేని మ్యాక్‌కి తగిలిస్తే అక్షరాలు మరీ చిన్నగనో మరీ పెద్దగనో కనిపిస్తయి, నడిమి సైజు పెట్టుకుంటే మ్యాక్ లోపల 5120×2880ల గీసి మల్ల 4కేకి కుదిస్తది. వాడుకకు బాగనే ఉంటది గని 100 శాతం జూమ్‌ల పిక్సెల్‌కు పిక్సెల్ చూడాలనుకునేటోళ్లకు కొద్దిగ తేడా ఉంటది. 5కే 27 ఇంచుల మానిటర్ అయితే ఈ కుదించుడు లేదు, రేటే ఎక్కువ. విండోస్‌ల 150 శాతం స్కేలింగ్ పెట్టినా ఫోటోషాప్‌ల ఫోటో మాత్రం అసలు పిక్సెల్స్‌లనే ఉంటది.

6. మ్యాక్‌కి పోయేముందు మీ సాఫ్ట్‌వేర్‌లు చూస్కోర్రి

దీన్ని విడిగ పెట్టిన, ఎందుకంటే మన తెలుగోళ్లకు ఇది అసలు ముడి. ఆల్బమ్ మీద పేర్లు, శుభలేఖలు, ఫ్లెక్సీలు అను ఫాంట్లతోని చేసేటోళ్లు చానామంది, అను స్క్రిప్ట్ మేనేజర్ విండోస్ మీద నడిచే సాఫ్ట్‌వేర్. ఏళ్ల నుంచి దాచుకున్న పీఎస్‌డీలు, పేజ్‌మేకర్ ఫైళ్లు అన్నీ దాని మీదనే ఉంటయి. ఫ్లెక్సీ మిషన్ నడిపే సాఫ్ట్‌వేర్‌లు, డాంగిల్ (పెన్‌డ్రైవ్ లెక్క ఉండే తాళం) పెడితేనే తెరుచుకునే ఆల్బమ్ సాఫ్ట్‌వేర్‌లు కూడా ఎక్కువ విండోస్‌వే. ఇవి మీ రోజు పని అయితే విండోస్ మినీనే తీస్కోర్రి, ఇంకో ఆలోచన వద్దు. యూనికోడ్‌ల (ఫోన్‌ల, నెట్‌ల వాడే తెలుగు) రాసేటోళ్లు, రా ఫైళ్లు ఎడిట్ చేసి ఎవరికన్నా డిజైనింగ్ ఇచ్చేటోళ్లు మ్యాక్‌కి బేఫికర్‌గ పోవచ్చు.

7. ఫోటోలు ఎక్కడ పెడ్తరు

లోపలి ఎస్‌ఎస్‌డీల సాఫ్ట్‌వేర్, లైట్‌రూమ్ క్యాటలాగ్, ఫోటోషాప్ స్క్రాచ్ (ర్యామ్ చాలనప్పుడు అది రాసుకునే జాగా). నడుస్తున్న పెండ్లిళ్లు బయటి ఎన్‌వీఎంఈల, 10 జీబీపీఎస్ పోర్టుకు తగిలిస్తే సెకనుకు 1000 ఎంబీ దగ్గరికి వస్తది. అయిపోయినయి హార్డ్ డిస్క్‌ల, అది సెకనుకు 100, 150 ఎంబీ దగ్గర ఉంటది కాబట్టి దాని మీద నుంచి ఎడిట్ చెయ్యొద్దు. ఇంకో కాపీ ఇంకో జాగల, స్టూడియోల ఒకటి ఇంట్ల ఒకటి. పెండ్లి మల్ల తియ్యలేం, ఇగ దీని మీద ఎక్కువ చెప్పాల్సిన పని లేదు.

8. కరెంటు, ఎండ, దుమ్ము

మన దిక్కు ఎండకాలం 43, 44 డిగ్రీలు మామూలే, కరెంటు కూడా పోతనే ఉంటది. చిన్న సిస్టమ్‌కు అసలు లాభం ఇక్కడ్నే కనిపిస్తది. ఎం4 మ్యాక్ మినీ ఖాళీగ ఉన్నప్పుడు 4 వాట్లు, గట్టిగ పని చేస్తే 65 వాట్ల దాకా గుంజుతదని ఆపిలోళ్లు రాసిండ్రు, 27 ఇంచుల మానిటర్ సుమారు 30 నుంచి 60 వాట్లు. రెండూ కలిపినా 125 వాట్లే. మామూలు 600 వీఏ యూపీఎస్ మీద సేవ్ చేసుకొని బంద్ చేసే టైం ధారాళంగ దొరుకుతది, ఇంటి ఇన్వర్టర్ మీద పెడితే ఒక షీటు పూర్తి చేసుకోవచ్చు. ఇన్వర్టర్ ఎనకాల యూపీఎస్ మోడ్ స్విచ్ ఉంటది, దాన్ని ఆ దిక్కుకే పెట్టుర్రి, లేకుంటే కరెంటు మారేటప్పుడు సిస్టమ్ రీస్టార్ట్ అయితది.

డబ్బా చిన్నగున్నదని టేబుల్ సొరుగుల పెట్టి మూసెయ్యొద్దు, టీవీ ఎనకాల గోడకు ఒత్తి పెట్టొద్దు. వేడెక్కితే తనంతట తనే వేగం తగ్గించుకుంటది. ఎం4 మ్యాక్ మినీకి గాలి పోయేది వచ్చేది కింది నుంచే, దాని కింద బట్ట పరిచి పెట్టుడు అస్సలు వద్దు, పవర్ బటన్ కూడా అడుగుననే ఉంటది కాబట్టి బిగించేముందు చెయ్యి పోతదా చూస్కోర్రి. రెండు నెలలకొకసారి బ్లోయర్‌తోని దుమ్ము కొట్టుర్రి.

9. కొనే రోజు

నల్లగొండ గడియారం సెంటర్ చుట్టుపక్కల గానీ, పాలమూరు న్యూటౌన్‌ల గానీ మీకు తెలిసిన షాపుల దొరికితే అక్కడ్నే తీస్కోర్రి, రేపు ఏమన్నా అయితే పోయి అడగనీకి మనిషుంటడు. మోడళ్లు నాలుగు పక్కపక్కన పెట్టి చూడాలంటే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌ల చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి పోవాలె, ఒక్క బిల్డింగ్‌ల చానా షాపులుంటయి. ఒక షాపుల రేటు విని ఆగకుండ ఇంకో మూడు షాపులల్ల అదే మోడల్ నంబర్ చెప్పి అడుగుర్రి. ఆన్‌లైన్‌ల వచ్చే చైనా మినీలల్ల మంచియి ఉన్నయి, గని సర్వీస్ సెంటర్ ఎక్కడుందో, చెడిపోతే ఎవరు తీస్కపోతరో ముందే రాతపూర్వకంగ అడగాలె.

పోయేటప్పుడు పెన్‌డ్రైవ్‌ల మీ సొంత 12×36 పీఎస్‌డీ ఒకటి, రా ఫైళ్లు ఇరవై పట్టుకపోర్రి. షాపాయనకు మర్యాదగ చెప్తే పెట్టి చూపెడ్తడు, "అన్నా, ఇది తెరిచి చూపెట్టు, తీస్కునేటోన్నే" అంటే చాలు. పీఎస్‌డీ తెరిచి రెండు ఫోటోలు మార్చి సేవ్ కొట్టుర్రి, ఆ టైంల మ్యాక్ అయితే యాక్టివిటీ మానిటర్‌ల మెమరీ ప్రెషర్ పచ్చగ ఉన్నదా పసుపు రంగుకు పోయిందా చూడుర్రి, విండోస్ అయితే టాస్క్ మేనేజర్‌ల ర్యామ్ ఎంత నిండిందో చూడుర్రి. లైట్‌రూమ్ ఉంటే ఒక రాత్రి ఫోటోకు డీనాయిస్ కొట్టి ఫోన్‌ల టైం పెట్టుకోర్రి. విండోస్‌ల డిస్‌ప్లే సెట్టింగ్స్ లోపల అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేల 3840×2160, 60 హెర్ట్జ్ అని కనిపియ్యాలె, 30 ఉంటే కేబుల్ మార్చి చూడుమనుర్రి. మానిటర్ మీద మొత్తం బూడిద రంగు బొమ్మ పెట్టి మచ్చలు, మొత్తం నల్లది పెట్టి మూలలల్ల వెలుగు కారుతున్నదా అనేది చూడుర్రి, షాపు లైట్ల కింద ఇది సరిగ కనిపియ్యదు కాబట్టి ఇంటికి తెచ్చినంక రాత్రి చీకట్ల మల్లొకసారి చూడాలె.

బిల్లు మీద సీరియల్ నంబర్, మోడల్ పూర్తి పేరు రాపియ్యాలె. స్టూడియోకు జీఎస్టీ నంబర్ ఉన్నోళ్లు ఆ నంబర్‌తోనే బిల్లు తీస్కోర్రి, కట్టిన ట్యాక్స్ ఇన్‌పుట్ క్రెడిట్ కింద లెక్కకొస్తది. రీఫర్బిష్డ్ అయితే విండోస్ యాక్టివేషన్ పేజీ అక్కడ్నే తెరిచి చూడుర్రి, వారంటీ ఎన్ని నెలలో కూడా బిల్లు మీదనే ఉండాలె, నోటి మాట కాదు.

ఇంటికి తెచ్చినంక మొదటి వారం పాత సిస్టమ్ అమ్మెయ్యొద్దు. అర్జెంట్ ఆర్డర్లు పాతదాంట్ల చేస్తనే, కొత్తదాంట్ల ఒక షీటు మొదట్నుంచి చివరిదాకా చేసి ల్యాబ్‌కు ఒక్కటే ప్రింట్ పంపుర్రి. వచ్చిన షీటు కిటికీ వెలుగుల పట్టుకొని మానిటర్ పక్కన పెట్టి చూడుర్రి, ముఖం రంగు, చీర అంచు, నల్ల కోటు మడతలు, ఈ మూడు కలిసినయంటే సెట్టింగ్‌లు కుదిరినట్టే, షీటు చీకటిగ ఉంటే మానిటర్ వెలుగు ఇంకొంచెం తగ్గించి మల్లొక ప్రింట్ పంపుర్రి.